బిళ్ళ మందు కాదు

మా అమ్మకు దద్దుర్లు ఆదివారం మధ్యాహ్నమే లేచేవి. మిగతా ఆరు రోజులూ ఆమె ఒళ్ళు ఆమె మాట వినేది. ఆదివారం మాత్రం మూడు దాటేసరికి మోచేతి మడతలో సన్నగా దురద మొదలయ్యేది. ఒకసారి గోకితే అయిపోయినట్టే. గోరు వెళ్ళిన దారంతా ఎర్రగా లేచి, మధ్యలో తెల్లబడి, మూకుట్లో పూరీలా పొంగేది. అరగంటలో ఆ పొంగులన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి వీపంతా పరుచుకునేవి. ఒక్కోసారి పై పెదవి కూడా వాచేది. అప్పుడు అమ్మ "పప్పు" అనబోతే "వవ్వు" అని వినబడేది, నేను నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీద నాకే కోపం వస్తుంది.

సోమవారం పొద్దున్నకు ఒక్క మచ్చ మిగిలేది కాదు. పడ్డ అవస్థ ఎవరికైనా చూపించుకుందామన్నా ఏమీ ఉండేది కాదు.

"దొంగ రోగం. డాట్రు దగ్గరికెల్లే టయానికి దాక్కుంటాది" అనేది అమ్మ.

ఇది తొంభైల మధ్యలో సంగతి. నాన్న స్టీలు ప్లాంటులో షిఫ్టు మనిషి. ఉక్కునగరంలో మాకు రెండు గదుల కంపెనీ క్వార్టరు, ముందు చిన్న వరండా, వెనకాల బట్టలుతికే గట్టు. నాకు పన్నెండేళ్ళు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే గానీ, ఒకరికి దద్దుర్లు వచ్చాయంటే ఆ వరసలో క్వార్టర్లన్నీ ఆసుపత్రులే. పైత్యం అన్నారొకరు, ధనియాలు నానబెట్టిన నీళ్ళు తాగించారు. వేపాకు నూరి పట్టించమన్నారు ఇంకొకరు. ఎదురింటావిడ ఎక్కడో పెట్టె అడుగునున్న నల్ల గొంగడి తెచ్చి, దాంతో రుద్దితే ఎంతటి దద్దురైనా అణగాల్సిందేనని చెప్పి తనే కూర్చుని రుద్దింది. అణగలేదు సరికదా, రుద్దని చోట కూడా లేచాయి. గొంగడి పాతదైపోయిందని, కొత్తదైతే పనిచేసేదని సర్ది చెప్పుకుని వెళ్ళింది. రుద్దినకొద్దీ దద్దురు పెరుగుతుందనీ, వేడినీళ్ళు పొయ్యకూడదనీ, తడిగుడ్డ చల్లగా వేసి వదులు బట్టలు కట్టుకుని ఊరుకోవడమే మేలనీ మాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

నాన్న అనుమానం తన మీదే. ప్లాంటు దుమ్ము తన యూనిఫాంతో పాటు ఇంటికి వస్తోందనీ, అదే అమ్మకు పడటం లేదనీ ఆయన నమ్మాడు. షిఫ్టు దిగి వచ్చాక గుమ్మం దాటకుండా ఇంటి చుట్టూ తిరిగి వెనక గట్టు దగ్గరికి వెళ్ళి, తన బట్టలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. దాన్ని ఉతకడం అనకూడదు. నీళ్ళలో ముంచి, సబ్బు చూపించి, తీగ మీద వేసేవాడు. ఆయన నిద్రపోయాక అమ్మ వాటిని తీసి మళ్ళీ ఉతికి, ఏమీ ఎరగనట్టు అదే తీగ మీద అలాగే ఆరేసేది. నాన్న షిఫ్టు వారం వారం మారేది. దద్దుర్లు మాత్రం ఆదివారం నుంచి కదల్లేదు. దుమ్ముకు వారాలెలా తెలుస్తాయని నేనడిగితే ఇద్దరూ నా వైపు చూశారు.

ఆదివారానికి మా ఇంట్లో ఒకటే ప్రత్యేకత. ఆ రోజు మా అమ్మమ్మ వచ్చేది.

అమ్మమ్మది యారాడ. వాళ్ళు సముద్రం మీద బతికే మనుషులు. మా మేనమామలిద్దరూ వేటకు వెళ్ళేవారు. వాళ్ళు తెచ్చిన చేపను అమ్మమ్మ కొండ దాటించి గాజువాకలో అమ్మేది. ఆదివారం బేరం తొందరగా ముగించి, అన్నింటిలోకి మంచి చేపను సత్తు తపేలా అడుగున దాచి, పైన తడిపిన గోనె కప్పి, బస్సెక్కి పదకొండింటికల్లా మా ఇంటికి చేరేది. కండక్టరు వాసనొస్తోందని వెనక్కి పొమ్మంటే వెళ్ళేది గానీ ఊరికే వెళ్ళేది కాదు.

"సేప వాసనొద్దుగానీ మజ్జాన్నానికి కూర కావాల నీకు" అని అందరూ వినేలా అనేది.

వస్తూనే నన్ను పిలిచి చేప మొప్ప వేలితో ఎత్తి చూపించేది. "సూడు గుంటా, మొప్ప ఎర్రగా ఉందా? కన్ను మెరుస్తందా? అదీ సేపంటే." గట్టు మీద కూర్చుని పొలుసు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ రాసి అమ్మకు అందించేది. కానాగంతలకు చింతపండు ఎంత, వంజరానికి ఎంత, కారం ఎప్పుడు, మెంతిపిండి ఎప్పుడు, అంతా గట్టు మీద నుంచే చెప్పేది. అమ్మకు అవన్నీ వచ్చు. అయినా ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వినేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటల్లో నాకు గుర్తున్నవన్నీ చేపల మాటలే. ఇటు అన్నం వార్చే వేళకు అటు అమ్మమ్మ చేతులు కడుక్కుని లేచేది.

"బస్సుకి టైమైపోతంది."

"తినీసి ఎల్లమ్మా."

"ఆకలి లేదే."

తెల్లవారుజామున ఇంత గంజి తాగి ఎండలో పడి తిరిగిన మనిషికి ఆకలి లేకపోవడమేమిటని నేను చాలాకాలం అనుకున్నాను. అసలు సంగతి నాన్న చెప్పాడు. ప్లాంటు కట్టే రోజుల్లో నాన్న పద్మనాభం నుంచి పనికొచ్చి గాజువాకలో గది తీసుకున్నాడు. అమ్మ అప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని చేపలమ్మేది. నాన్నది వరి పండించే ఇల్లు, సముద్రపు చేప వండటం ఆయనకు చేతకాదు. అయినా రోజూ కొనేవాడు. కొన్నది పక్కగది వాళ్ళకిచ్చి వాళ్ళు పెట్టింది తినేవాడట. పెళ్ళి రెండువైపులా ఎవరికీ చెప్పకుండానే జరిగింది. తెలిసిన రోజున అమ్మమ్మ నలుగురి ముందు సముద్రం వైపు చెయ్యి చాపి, అమ్మతో "గంగమ్మ మీద ఒట్టు, నీ ఇంట్లో మెతుకు ముట్టను" అంది.

కోపం ఏడాదికల్లా చల్లారింది. నేను పుట్టానని తెలిసి, బాలింతకు పాలు బాగా పడాలని పెట్టే పాలసొర చేప పట్టుకుని తనే వచ్చింది. అప్పటి నుంచి ఆదివారం తప్పలేదు. కానీ కోపం పోయినంత మాత్రాన ఒట్టు పోదు. తెల్లారితే కొడుకులిద్దరూ ఆ గంగమ్మ మీదికే వెళ్ళాలి. ఆ తల్లి పేరున అన్న మాట తప్పితే అది వాళ్ళకెక్కడ తగులుతుందో అని అమ్మమ్మ భయం. అందుకని పన్నెండేళ్ళుగా కూతురికి చేప తెచ్చి, కోసిచ్చి, దగ్గరుండి వండించి, అన్నం ఉడికిన వాసన రాగానే వెళ్ళిపోతోంది.

ఆమె వెళ్ళాక అమ్మ మాకు వడ్డించి, ఆఖర్న తనూ తిని, నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని పడుకునేది. తల పగిలిపోతోందనేది. నన్ను కిరాణాకొట్టుకు పంపి తలనొప్పి బిళ్ళ తెప్పించుకునేది. కొట్టాయన అట్ట నుంచి కత్తెరతో రెండు బిళ్ళలు కత్తిరించి, నా చేతిలో ఒక చాక్లెట్ కూడా పెట్టేవాడు. నేను పరుగున వెళ్ళి పరుగున వచ్చేదాన్ని.

నాన్న సెలవు పెట్టి అమ్మను గాజువాకలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఆయన ఓపికున్న మనిషి. గుడ్డు పడుతుందా, వేరుశనగ పడుతుందా, రొయ్యలు తిన్నారా, పురుగేదైనా కుట్టిందా, ఎండకు వస్తాయా, చన్నీళ్ళకు వస్తాయా, నడుముకు బట్ట బిగించిన చోట వస్తాయా, ఈమధ్య జ్వరమొచ్చిందా అని అడిగాడు. అమ్మ అన్నింటికీ తల అడ్డంగా ఊపింది.

"మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండి. నాను ఏ మందూ వాడనండి" అంది అమ్మ కాస్త గర్వంగానే. మా వాళ్ళలో మందు వాడకపోవడం ఒక ఘనత.

ఆదివారం మాత్రమే వస్తాయని విన్నాక డాక్టరు, ఆదివారం ఏం వండుతారని అడిగాడు. చేపల పులుసు అన్నాం. ఆయన ముఖం విప్పారింది. "అదీ సంగతి. కొందరికి చేపే పడదు. కొందరికి చేప పడినా, ఐసు లేకుండా ఎండలో తిరిగి కొంచెం పాడైన చేప తింటే ఇలాగే ఒళ్ళు ఎర్రబడి దురద పెడుతుంది. కొన్నాళ్ళు మానేసి చూడండి" అన్నాడు. దురదకు మాత్ర, పూసుకోవడానికి గులాబీ రంగు లోషన్ రాశాడు. ఆ మాత్రకు దురద తగ్గేది గానీ పట్టపగలే నిద్ర ముంచుకొచ్చేది. అమ్మ పప్పులో గరిటె పెట్టి నిలబడే కునికేది.

"పడదు" అన్న మాట ఒకటుంది మనకు. చేపకూ అదే, మనిషికీ అదే. వంకాయ పడదు అన్నంత తేలిగ్గా ఆ ఇద్దరికీ పడదు అంటాం. ఆ ఆదివారం నాన్న ఎంత మెత్తగా చెప్పినా అమ్మమ్మకు వినబడింది రెండో అర్థమే.

"డాట్రు కొన్నాల్లు సేప మానీమన్నాడత్తా. దీనికి పడక పోవచ్చన్నాడు. నేదంటే ఎండలో తిరిగిన సేప కూడా అవ్వొచ్చన్నాడు" అన్నాడు నాన్న.

"నా సేప పాసిపోయిందన్నాడా?"

"అలాగన్లేదత్తా."

అమ్మమ్మ తపేలాలోంచి చేప తీసి, మొప్ప ఎత్తి, నాన్న ముఖం ముందు పెట్టింది. "ఇంతకాలం అమ్మేను. ఒక్కలంటే ఒక్కలు నా తపేలా ముందు ముక్కు మూసుకోలేదు." అప్పుడు ఆమె అమ్మ చెయ్యి పట్టుకుని మోచేతి లోపల గోళ్ళ గీతలు చూసింది. గొంతు దిగిపోయింది. "నా సేత్తో పెట్టిందే దీనికి తగిలిందేటి" అంది, ఎవరితోనో కాదు, తనలో తను. తపేలా మీద గోనె కప్పేసి, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం అరటిపళ్ళు తెచ్చింది. వరండాలో కుర్చీ మీద కూర్చుంది. అంతకుముందు ఆమె మా ఇంట్లో కుర్చీ మీద కూర్చోగా నేను చూడలేదు. చేతులకు పనిలేక, ఊరికే వాటిని చీర కొంగుకు తుడుచుకుంటూ ఉండిపోయింది. అమ్మ మంచినీళ్ళిచ్చింది. ఎండ ఎక్కువగా ఉందని ఒకరు, అవునని ఒకరు అన్నారు. చేప లేకపోతే వాళ్ళిద్దరికీ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ తర్వాతి వారం కూడా అరటిపళ్ళే. ఆ పై వారం నుంచి రావడం మానేసింది. నాన్నతో పనిచేసే ఒకాయనది యారాడే, ఆయన చేత కబురంపింది.

"అరటిపల్లట్టుకెల్లడానికి నానేటి సుట్టాన్నా? ఒట్టి సేతుల్తో ఆడపిల్ల ఇంటికెల్లనేను. సేపట్టుకెల్తే దాని పానం మీదికొత్తాది. మరేటి సెయ్యమంటావు?"

దద్దుర్లు ఆగిపోయాయి. ఒక ఆదివారం, రెండు, నాలుగు, అలా మూడు నెలలు గడిచాయి, అమ్మ ఒంటిమీద ఒక్క పొంగు లేదు. ఇంకేం కావాలి, చేప నేరం రుజువైపోయింది. ఎదురింటావిడ తనకు ముందే తెలుసంది. నాన్న యూనిఫాం ఉతకడం మానేసి నిశ్చింతగా నిద్రపోయాడు. అమ్మ మాత్రం ఆదివారం పదకొండు గంటలప్పుడు వరండా ఊడ్చేది. పొద్దున్న ఒకసారి ఊడ్చిందే మళ్ళీ ఊడ్చేది, రోడ్డు వైపు తిరిగి. ఆ రోజుల్లో ఆమెకు తలనొప్పి రాలేదు. నన్ను కొట్టుకు పంపలేదు. నాకు చాక్లెట్లు ఆగిపోయాయని నేను గమనించాను గానీ, అంతకుమించి ఏమీ గమనించలేదు. చదువులో ఫస్టు వచ్చే పిల్లను, లెక్కల్లో ఎవరికీ తీసిపోను. ఇంత చిన్న కూడిక నాకు తట్టలేదు.

నాకు బడి లేని ఒకరోజు నాన్న మధ్యాహ్నం షిఫ్టుకు బయల్దేరుతూ యారాడ ఆయన చెప్పిన మాట అమ్మకు చెప్పాడు. అమ్మమ్మ ఆయనతో, "నా బిడ్డ బాగుండాలంటే ఇంక నాను దాని గుమ్మం తొక్కకూడదు" అందట. అందరి ముందూ మామూలుగానే అని, పడవల వెనక్కెళ్ళి ఏడ్చిందట. ఆ చివరి ముక్క నాన్న చెప్పకుండా ఉండాల్సింది. ఆయన సైకిలెక్కి వెళ్ళాక అమ్మ తలుపు దగ్గరే చాలాసేపు కూర్చుంది. పప్పన్నం రెండు ముద్దలు తింది. ఏడిచి ఏడిచి తల పట్టుకుంది. నన్ను పిలిచింది. నేను వెళ్ళి బిళ్ళ తెచ్చాను.

నాలుగింటికి నేను లెక్కలు చేసుకుంటుంటే వెనక గదిలోంచి పిలుపు వినబడింది. అది అమ్మ గొంతులా లేదు. వెళ్ళి చూస్తే పెదాలు రెండూ వాచి, కళ్ళు మూసుకుపోయి, మెడంతా ఎర్రటి పొంగులు. "గొంతుకి ఏదో అడ్డమడ్డట్టుంది గుంటా" అంది. మాట సగమే బయటికొచ్చింది. నేను ఎదురింటికి పరిగెత్తాను. ఆవిడ గొంగడి జోలికి పోలేదు, ఆ పుణ్యం ఆవిడకు ఉంటుంది. ఆటో పిలిచి, అమ్మను నా ఒడిలో వాల్చి, తను పక్కన కూర్చుని ఆసుపత్రికి చేర్చింది. దారి పొడుగునా నేను అమ్మ ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూనే ఉన్నాను. అమ్మ చచ్చిపోతుందనే అనుకున్నాను. అంత భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

వాళ్ళు క్షణం ఆలస్యం చెయ్యలేదు. తొడకు ఇంజెక్షను ఇచ్చారు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, చేతికి సెలైన్ ఎక్కించి అందులో ఇంకో మందు కలిపారు. కొన్ని నిమిషాల్లోనే అమ్మ ఊపిరి దారిలో పడింది. అక్కడి డాక్టరమ్మ బయటికొచ్చి మాకు చెప్పింది. ఒంటిమీద దద్దుర్లు మాత్రమే అయితే మాత్ర వేసుకుని చూడొచ్చు గానీ, గొంతు పట్టేసినా, మాట మారినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా ఇంట్లో ఏమీ చెయ్యకుండా ఇలా తీసుకొచ్చెయ్యాలంది. "నువ్వే తెచ్చావా?" అని నన్నడిగింది. నేను అప్పుడు ఏడ్చాను.

అమ్మను మర్నాటి దాకా ఉంచేశారు. పొద్దున్న తొమ్మిదింటికి నేను వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంటే, యారాడ ఆయన చేత నాన్న పంపిన కబురు విని అమ్మమ్మ వచ్చింది. తపేలా లేదు, పళ్ళు లేవు, చేతుల్లో ఏమీ లేదు. జుట్టు తడిగా ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. నా పక్కన కూర్చుని రెండు అరచేతులూ నా ముక్కు దగ్గర పెట్టింది.

"సబ్బెట్టి మూడుసార్లు కడిగేను. సున్నిపిండెట్టి ఇంకోపాలి. ఇంకా వాసనుందేటి సూడు."

వాసన ఉంది. అది సబ్బుకు పోయే వాసన కాదు, ఎన్నో ఏళ్ళది. నేను లేదన్నాను. నా జన్మలో ఆడిన మంచి అబద్ధాల్లో అదొకటి. అయినా ఆమె నన్ను నమ్మకుండా, వార్డు గుమ్మం ఇవతలే గోడకు చేరబడి నిలబడింది. అమ్మ మంచం గుమ్మానికి దగ్గర్లోనే ఉంది గానీ, అటు తిరిగి పడుకున్న అమ్మ ఆమెను చూడలేదు. నాన్న రాత్రంతా కాపలా ఉండి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చి మళ్ళీ మొదటి నుంచి అడిగింది. నిన్న ఏం తిన్నారు? పప్పన్నం. చేప తిన్నారా? మూడు నెలలైంది. రొయ్యలు, ఎండుచేప, ఏవైనా? లేదండి. మందులేమైనా వాడారా?

"లేదండి. ఏ మందూ వాడలేదు."

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఆలోచనలో పడింది. ఆమె వెనక ఒక నర్సు నిలబడి ఉంది. నడివయసావిడ, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. అమ్మ మాట విని ఈ ఒడ్డు మనిషని పోల్చుకున్నట్టుంది. కొంచెం ముందుకు వంగి అడిగింది.

"మందు కాదమ్మా. బిల్ల. తలనొప్పికో ఒల్లునొప్పులకో కొట్లో బిల్లేటైనా ఏసుకున్నావేటి?"

"బిల్లయితే ఏసుకున్నానండి" అంది అమ్మ. "బిల్ల మందేటి?"

వార్డులో ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ పెన్ను జేబులో పెట్టేసి, మంచం అంచున కూర్చుంది. తెచ్చింది నేను. ప్రతిసారీ పరిగెత్తుకుంటూ వెళ్ళి తెచ్చింది నేను. మందంటే డాక్టరు చీటీ రాసిచ్చేది. మందంటే సాయంత్రం కొందరు తాగొచ్చేది. మందంటే గిట్టనివాళ్ళు అన్నంలో పెట్టేది. కిరాణాకొట్టులో ఉప్పూ చింతపండూ పక్కన దొరికే బిళ్ళ ఈ మూడింట్లో దేనికిందకీ రాదు. మా ఇంట్లో ఎవరినడిగినా అదే చెప్పి ఉండేవారు.

నొప్పి బిళ్ళలు కొందరికి ఇలా చేస్తాయని డాక్టరమ్మ చెప్పింది. చాలామందికి దద్దుర్లకు కారణం దొరకనే దొరకదనీ, మీకు దొరికింది కాబట్టి అదృష్టవంతులనీ అంది. ఆ బిళ్ళ పేరు, అదే జాతివి మరికొన్ని పేర్లు కాగితం మీద రాసి, ఎక్కడికెళ్ళినా దగ్గర ఉంచుకోమంది. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోతే ఇప్పటికి నాలుగుసార్లు నేను తిరిగి రాసిచ్చాను.

"ఈ బిళ్ళ ఎప్పుడెప్పుడు వేసుకునేవారు?"

"ఆదోరం."

"ప్రతి ఆదివారమూనా? ఆదివారమే తలనొప్పి ఎందుకు వస్తుంది?"

అమ్మ దుప్పటి అంచు నలిపింది. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. నాన్న చెప్పమన్నట్టు చూశాడు. ఇంక తప్పక అంది.

"మా యమ్మ ఎల్లిపోయాక ఏడుపొత్తాదండి. ఆయనకీ గుంటకీ కనబడకుండా లోపలే మింగీసుకుంటాను. దానికి తల పగిలిపోతాది."

గుమ్మం దగ్గర కదలిక వినబడింది. అమ్మమ్మ గోడ వదిలి లోపలికి వచ్చింది. నర్సు స్టూలు జరిపితే దాని మీద కూర్చుంది. అమ్మ ఇటు తిరిగి ఆమెను చూసి లేవబోయింది. అమ్మమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి పడుకోబెట్టి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది. వాసన సంగతి మరిచిపోయింది.

"నాను తినకండా ఎల్లిపోతన్నాననేటే?"

అమ్మ తలూపింది. "నీ కంచం కూడా కడిగెడతానమ్మా పతీసారీ. మల్లీ లోపలెట్టీత్తాను."

"తమ్ముల్లు సముద్రం మీదుంటారే."

"నాకు తెల్దేటి. అందుకే ఎప్పుడూ అడగలేదు."

డాక్టరమ్మ మెల్లగా లేచి పక్క మంచానికి వెళ్ళింది. అమ్మమ్మ కిటికీ దగ్గరున్న నాన్న వైపు తిరిగింది.

"బాబూ, ఆ ఇల్లెవులిది?"

"ఏ ఇల్లత్తా?" అన్నాడు నాన్న.

"మీరుంటన్నది."

"కంపెనీది. ఉద్యోగం ఉన్నన్నాల్లూ ఉండమన్నారు."

"మీ పేర కాయితం నేదేటి?"

"నేదు. రిటైరైన రోజున తాలమిచ్చీయాల."

అమ్మమ్మ ఆ మాటను బేరంలో నోటులా అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మరైతే నానొట్టేసింది దీనింటి మీద. దీనికసలు ఇల్లే నేదు" అంది. మాలో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు నాన్నకు అర్థమై ముఖం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. అమ్మ వాచిన కళ్ళతో ఆమెనే చూస్తోంది.

"వొచ్చే ఆదోరం ఇంకో గ్లాసుడు బియ్యం ఎక్కువ పడీ" అంది అమ్మమ్మ.

ఆ ఆదివారం డాక్టరమ్మ చెప్పినట్టు అమ్మ చిన్న ముక్కే తిని ఆగింది. నేను గంట గంటకూ ఆమె మోచెయ్యి చూశాను, ఏమీ లేవలేదు. అమ్మమ్మ మాత్రం మూడుసార్లు మారు వడ్డించుకుంది. చింతపండు ఎక్కువైందని వంక కూడా పెట్టింది. పన్నెండేళ్ళుగా చెప్పిన వంటను ఆమె రుచి చూడటం అదే మొదటిసారి. గంగమ్మ ఏమీ అనలేదు, మామయ్యలిద్దరూ ఎప్పటిలా ఒడ్డుకు వస్తూనే ఉన్నారు. అమ్మకు మళ్ళీ దద్దుర్లు రాలేదు. తలనొప్పి ఎప్పుడైనా వస్తే డాక్టరమ్మ చెప్పిన వేరే బిళ్ళే వేసుకునేది, అదీ "మందేసుకుంటన్నాను" అని ఇంట్లో అందరికీ చెప్పి మరీ.

రెండువేల సంవత్సరం దాటాక, నాన్న రిటైర్మెంటు దగ్గరపడుతుండగా, కూర్మన్నపాలెంలో ఇల్లు కొన్నాం. నాకప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు. రిజిస్ట్రేషను నాడు దస్తావేజు రాసేవాడు ఎవరి పేరున అని అడిగితే, నాన్న నోరు తెరిచేలోపే అమ్మ, "గుంట పేర" అంది. నాన్న తలూపి నా పేరే రాయించాడు. బంధువులు చాలా మాటలన్నారు. ఒక్కగానొక్క పిల్లని గారాబమన్నారు, రేపు అల్లుడి పాలవుతుందన్నారు. అమ్మ ఎవరికీ కారణం చెప్పలేదు.

గృహప్రవేశానికి అమ్మమ్మ వచ్చేసరికి డెబ్భై దాటింది, నడుం వంగింది. గడప బయటే ఆగిపోయి నన్ను పిలిచింది.

"ఏటే గుంటా, ఇల్లు నీదేనా? కాయితం సూపించు."

దస్తావేజు తెచ్చి నా పేరున్న చోటు వేలు పెట్టి చూపించాను. చదువు రాని మనిషి ఆ అక్షరాల మీద వేలు ఒకసారి పోనిచ్చి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, అమ్మ వేసిన పీట మీద కూర్చుంది. అమ్మ ఆమెకు అన్నం వడ్డించింది.